ద్వారం వేంకటస్వామినాయుడు

కర్ణాటక సంగీతసభకు మీరెప్పుడైన పోయినచో, వేదికమీద గాయకునికి ఎడమప్రక్కన ఫిడేలు పట్టుకొని కూర్చున్న విద్వాంసుని చూచియుందురు. గాయకుడు రాగము నాలపించుచుండగా ఆయన ఆ రాగచ్ఛాయను వెంబడించుచుండును. గాయకుడు ఊపిరి తీసికొనుటకు ఆగినపుడు ఆ ఖాళీని నింపును. సభలో చప్పట్లు మ్రోగునపుడు తల వంచుకొని తన తీగలను శ్రుతి చేసికొనుచుండును. ప్రకటన పత్రములలో గాయకుని పేరు పెద్ద అక్షరములలోను, ఆయన పేరు క్రింద చిన్న అక్షరములలోను ఉండును. అట్టి వాద్యము, ప్రక్కన గాయకుడు లేకుండ, పాటలోని మాటలు లేకుండ, తానొక్కటియే నిండుసభను గంటల తరబడి కూర్చుండబెట్టగలదని దక్షిణదేశమునకు చూపినవారిలో అగ్రగణ్యులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు. తెలుగువారు ప్రేమతో ఆయనను ఫిడేలు నాయుడుగారని పిలుచుకొనిరి.

ఫిడేలు మనదేశమున పుట్టిన వాద్యము కాదు. తెల్లవారితోపాటు అది ఓడలలో వచ్చినది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసులో ఒక ఐరోపా వాద్యకునియొద్ద దానిని నేర్చుకొని, మన రాగములను దానిమీద పలికించి, పిమ్మట ఎట్టయాపురపు సంస్థానమున ఆస్థానవిద్వాంసుడయ్యెను. అప్పటినుండి ఆ వాద్యము మనదైపోయినది. ఐరోపావారు నిలుచుండి, దానిని గడ్డము క్రింద అదిమిపట్టి వాయింతురు. మనవారు నేలమీద కూర్చుండి, దాని తలను కుడిపాదముమీద ఆనించి వాయింతురు. వారి తీగల శ్రుతి వేరు, మన శ్రుతి వేరు. మనము షడ్జమునకును పంచమమునకును తీగలను బిగింతుము. వీణకు మెట్లున్నవి, వ్రేలు ఏ మెట్టుపై పడినచో ఆ స్వరము పలుకును. ఫిడేలునకు మెట్లు లేవు. వ్రేలు గోరంత ఇటునటు జరిగినను అపస్వరము వచ్చును. ఎక్కడ వ్రేలుంచవలెనో కన్ను చెప్పజాలదు, చెవి చెప్పవలెను. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. నాయుడుగారి కథ అంతయు ఈ మాటచుట్టు తిరుగును.

నాయుడుగారు 1893 సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రి వేంకటరాయుడుగారు సైన్యమున ఉద్యోగము చేసినవారు. పుట్టినది బెంగుళూరైనను ఆయన పెరిగినది విశాఖపట్టణమున. అప్పటికి అది నేటివంటి మహానగరము కాదు.

బాలుడు బడికి పోవుచుండెను. కాని ఒక చిక్కు వచ్చినది. ఆయన చూపు మందము. పుస్తకములోని అక్షరములును, నల్లబల్లమీది అక్షరములును ఆయనకు సరిగా కనిపింపకుండెను. కొంతకాలమునకు చదువు సాగక నిలిచిపోయినది. నా ఉద్యోగకాలమున ఇట్టి పిల్లలను నేనును కొందరిని చూచితిని. నల్లబల్ల కానరాక తెల్లమొగము వేయువానిని మనము తరచుగా సోమరి యని యనుకొందుము. వానిని మొదటి వరుసకు జరిపి కూర్చుండబెట్టినచో సగము సోమరితనము ఆ పూటనే పోవును. కంటిపరీక్ష చేయించి అద్దము పెట్టించినచో తక్కిన సగము పోవును. కాని నూటయిరువది ఏండ్లకు పూర్వము ఆ సదుపాయము అందరికిని లేదు. చూపు చాలనివాడు చదువు మానవలసినదే. చదువు లేనివానికి ఉద్యోగము లేదు. ఆ యింటివారికి ఆ దినములలో ఎంత దిగులు కలిగియుండునో మనము ఊహించుకొనవచ్చును.

ఆ సమయమున ఆయనను చేరదీసినవారు అన్నగారైన వేంకటకృష్ణయ్యగారు. వారు ఫిడేలు నేర్చినవారు. తమ్ముని కూర్చుండబెట్టుకొని కమాను పట్టించిరి. ఈ విద్యకు కంటితో పని తక్కువ. మన సంగీతము గురుముఖమున వచ్చునది. గురువు పలికించును, శిష్యుడు విని పలికించును. పుస్తకము చూడలేని పిల్లవాడు వినుటలో అందరిని మించెను. ఆయన వినికిడి క్రమముగా ఎంత సూక్ష్మమైనదనగా, ఇతరులకు సరిగానే ఉన్నట్లు తోచిన స్వరములో గూడ ఆయనకు లోపము వినిపించుచుండెను. వినిపించిన పిమ్మట దానిని సరిచేయక ఊరకుండుట ఆయన స్వభావమునకు చేతకాలేదు. గంటలకొలది సాధన చేసిరి. అన్నగారు నేర్పిన పాఠముతో ఆయన ఆగలేదు; చెవినిబడిన ప్రతి మంచి సంగీతమును పట్టుకొనిరి. పాశ్చాత్య విద్వాంసుల వాదనమును గూడ శ్రద్ధతో వినిరి. వారి రాగములు మనకు లేవు, మన గమకములు వారికి లేవు. అయినను కమానును నిండుగా, గరగరలేకుండ, తీగమీద ఎట్లు నడపవలెనో వారియొద్ద నేర్చుకొనదగినది ఉన్నదని ఆయన గ్రహించిరి. పరాయివారి వాద్యమును పుచ్చుకొన్న మనము, దానిని పలికించు మెలకువను మాత్రము పుచ్చుకొనుటకు సిగ్గుపడనేల?

ఇట్లు ఇరువదియారేండ్లు వచ్చినవి. ఆ యేటనే ఆయన జీవితమునకు మలుపు వచ్చినది.

విజయనగరము విశాఖకు దూరము కాదు. పూసపాటివారి రాజధాని, విద్వాంసులకు, కవులకు, మల్లయోధులకు గూడ అది పుట్టినిల్లు. 1919లో విజయరామ గజపతిరాజుగారు ఆ పట్టణమున సంగీత కళాశాలను స్థాపించిరి. ఆ స్థాపనకు కారణముగా చెప్పుకొను కథ వినదగినది. మహారాజువారి కొలువులోనుండిన చాగంటి జోగారావుగారి కుమారుడు గంగరాజు అను బాలునికి కన్నులు లేవు. ఆ బిడ్డ బ్రదుకు ఏమగునో యని తండ్రి చింతించుచుండగా, మహారాజుగారు తెలిసికొని, వానికి సంగీతము నేర్పుట మేలని తలచి, ఒక్కనికి నేర్పు విద్యను పదిమందికి నేర్పరాదా యని కళాశాలనే పెట్టించిరట. హరికథాపితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) దానికి మొదటి అధ్యక్షులైరి. నారాయణదాసుగారి పేరు విన్నచో ఆనాటి పండితులకు భయమును భక్తియు రెండును కలిగెడివి. కాలికి గజ్జెకట్టి, ఆడుచు పాడుచు, సంస్కృతాంధ్రములను ధారగా కురిపించిన మహానుభావుడాయన.

కళాశాల తెరచిరని విని నాయుడుగారు ఫిడేలు చంకబెట్టుకొని విజయనగరము పోయిరి. ఆయన పోయినది ఉద్యోగమునకు కాదనియు, విద్యార్థిగా చేరుటకనియు చెప్పుకొందురు. అంతకుముందు ఏండ్లతరబడి సాధన చేసినవాడు, తనకు రావలసినది ఇంకను మిగిలియున్నదని తలచెను. వారు వాయింపుమనిరి, ఆయన వాయించెను. విన్న పెద్దలు ఈయనను విద్యార్థిగా చేర్చుకొనుట తగదని నిశ్చయించిరి. ఫిడేలు నేర్పు ఆచార్యపదవిని ఇచ్చిరి! చదువు ఆగిపోయిన బాలుడు కళాశాలలో ఆచార్యుడయ్యెను. అదియు ఒక అంధబాలుని కొరకు పుట్టిన కళాశాలలో. ఇది ఎవరో కల్పించి కూర్చినట్లున్నను, జరిగినది ఇదియే.

విజయనగరమున ఆయన చాలకాలము పాఠము చెప్పిరి. 1936లో నారాయణదాసుగారి తరువాత కళాశాలకు అధ్యక్షులైరి. ఒకవైపు వాసావారి వీణ, ఒకవైపు ద్వారంవారి ఫిడేలు, గాత్రము, మృదంగము — ఆ దినములలో ఆ కళాశాల ముంగిట నడచిపోవుటయే ఒక చదువై యుండును. నాయుడుగారు శిష్యులకు పాఠము చెప్పునపుడు తొందరపడెడివారు కారు. ఒక స్వరము నిలువనిదే రెండవ స్వరమునకు పోరాదు. వేగముగా వాయించుట అందరికిని ముచ్చట. కాని మెల్లగా, నిండుగా, వణకు లేకుండ ఒక షడ్జమును సాగదీయుట ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలియును. నూకల చిన సత్యనారాయణగారు, మారెళ్ళ కేశవరావుగారు మొదలైన విద్వాంసులు ఆయన చెంత నేర్చినవారే. ఆయన బంధువైన ద్వారం నరసింగరావునాయుడుగారు ఆ కళాశాలలోనే ఆచార్యులై, నేదునూరి కృష్ణమూర్తిగారి వంటి శిష్యులకు విద్య నేర్పిరి.

మీరందరు ఎరిగిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు గూడ బాల్యమున ఆ కళాశాల గుమ్మము త్రొక్కినవారే. చేతి ఉంగరము అమ్ముకొని రైలెక్కి వచ్చిన ఆ పేద బాలుడు విజయనగరము చేరునప్పటికి వేసవి సెలవులట, కళాశాల మూసియున్నది. పోవుటకు చోటు లేదు. అధ్యక్షులైన నాయుడుగారు ఆ బాలుని ఆవరణలో ఉండనిచ్చిరని ఆయన జీవితము వ్రాసినవారు చెప్పుదురు. పిమ్మట పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ బాలునికి గాత్రము నేర్పిరి. మాధుకరము చేసికొని, అనగా ఇంటింట అన్నము యాచించి తెచ్చుకొని, ఘంటసాల చదివెను.

ఇక నాయుడుగారి వాదనమును గూర్చి కొంత చెప్పవలెను. ఫిడేలు ధ్వనిని పుట్టించునది కమాను. కమాను నిడివి ఇంచుమించు మూరన్నర. అది కొసకు వచ్చినతోడనే వెనుకకు మరలింపవలెను. మరలించు చోట ధ్వని తెగుట, లేక చిన్న గీఱు వినబడుట సహజము. నాయుడుగారు కమానును మరలించు చోటు వినువారికి తెలిసెడిది కాదు. గాయకుడు ఒక ఊపిరిలో సాగదీసినట్లు ఆ నాదము సాగుచుండెడిది. కొసనుండి కొసవరకు కమానును నిండుగా వాడుట, అవసరమైనచోట అంగుళమంత ముక్కతో పలుకుట, ఒత్తిడిని హెచ్చించి తగ్గించుట — ఇవన్నియు ఆయనకు చేతిలో విద్యలు. రాగము పెద్దదైనను చిన్నదైనను మొదట నాదము శుద్ధముగా నుండవలెను. నాదము చెడిన పిమ్మట ఎన్ని సంగతులు వేసినను ఆయన దృష్టిలో అవి లెక్కకు రావు.

ఇచ్చట ఒక సంగతి తలచుకొనదగినది. ధ్వనివర్ధక యంత్రములు ఇంకను వాడుకలోనికి రాని కాలమున, పెద్ద మండపములలో ఫిడేలు నాదము వెనుకవరుసలకు వినబడకుండెను. మైసూరు చౌడయ్యగారు ఆ లోపమును తీర్చుటకు ఏడు తీగల ఫిడేలును సిద్ధపరచిరి. అది గొప్ప ఊహయే. దానితో ఆయన పెద్ద కీర్తి నార్జించిరి. నాయుడుగారు నాలుగు తీగలతోనే నిలిచిరి. తీగలను పెంచుటకు మారు కమానులోని బలమును, నాదములోని నిండుదనమును పెంచుకొనిరి. ఇద్దరును మహావిద్వాంసులే, ఇద్దరి త్రోవయు మంచిదే. కాని ఎవరి త్రోవ మీకు నచ్చునని నన్నడిగినచో నేను నాలుగు తీగలవైపే మ్రొగ్గుదును.

తంబురా యనిన ఆయనకు ప్రాణము. సభలో తంబురాను పట్టించుకొనువారు తక్కువ. వెనుక ఎవరో ఒక శిష్యుడు మీటుచుండును. నాయుడుగారు ఆ వాద్యపు నాదవిశేషములను పరిశీలించి, దానినిగూర్చి వ్రాసిరి. బాగుగా శ్రుతి కూడిన తంబురాలో ఎవరును మీటని గాంధారము తనంతట తానే వినిపించును. దానిని స్వయంభూ గాంధారమందురు. మీరును ఎప్పుడైన తంబురాప్రక్కన మౌనముగా కూర్చుండి వినుడు. మొదటిరోజు వినబడకపోవచ్చును. నాయుడుగారి చెవికి అట్టి ధ్వనులే పాఠములు.

ఆయన ప్రక్కవాద్యము వాయించుటలో సైతము ప్రసిద్ధులు. అరియక్కుడి రామానుజయ్యంగారు వంటి మహాగాయకులకు తోడుగా కూర్చుండిరి. ప్రక్కవాద్యమునకు ఒక మర్యాద ఉన్నది. గాయకునికంటె ఎక్కువ తెలిసినట్లు చూపరాదు, తక్కువ తెలిసినట్లు వెనుకబడరాదు. గాయకుడు విడిచిన చోట అందుకొని, ఆయనకు తరువాతి ఊహ తట్టునట్లు వాయింపవలెను. కొందరు విద్వాంసులు తమ వంతు రాగానే గాయకుని మరపించుటకు పూనుకొందురు. అది సభకు ముచ్చటయే గాని పాటకు నష్టము. నాయుడుగారు ఆ పని చేసినవారు కారు. అందుచేతనే తానొక్కడే వాయించుటకు పూనుకొన్నపుడు ఆయనయందు ఎవరికిని అసూయ గాని అనుమానము గాని పుట్టలేదనుకొందును.

ఆ కాలమున ఫిడేలు ఒంటి కచేరి అరుదు. తిరుక్కోడికావల్ కృష్ణయ్యరు వంటి పూర్వవిద్వాంసుల ప్రతిభ చాల గొప్పది. అయినను సభలవారు గాయకుని లేనిదే కచేరి యని యెంచెడివారు కారు. 1938లో వేలూరులో నాయుడుగారు మొదటిసారి ఒంటి కచేరి చేసిరి. అప్పటికి ఆయనకు నలువదియైదేండ్ల వయస్సు. ఇరువదేండ్లుగా ఆచార్యత్వము చేసినవారు, పేరు పొందినవారు. అయినను ఇది క్రొత్త పరీక్ష. గాయకుడున్నచో సాహిత్యము వినువారి మనస్సును పట్టియుంచును. త్యాగరాజస్వామి కీర్తనలోని మాట తెలియగానే వినువాని కన్ను చెమ్మగిల్లును. ఫిడేలునకు మాట లేదు. అక్షరమెక్కడ మొదలగునో, పాదమెక్కడ విరుగునో కమాను చెప్పవలెను. అది చెప్పలేనిచో సభ లేచిపోవును. తప్పు జరిగినచో కప్పుకొనుటకు గాయకుని కంఠము లేదు. వేలూరు సభ లేచిపోలేదు. అటుపిమ్మట ఆయన ఒంటి కచేరీలు దేశమంతట జరిగినవి. ఫిడేలు విద్వాంసుని పేరు ప్రకటనపత్రములలో పెద్ద అక్షరములకు ఎక్కినది.

గౌరవములు వరుసగా వచ్చినవి. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీతకళానిధి బిరుదము నిచ్చెను. ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ యని గౌరవించెను. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ వచ్చినవి.

వీటన్నిటికంటె 1952వ సంవత్సరమును గూర్చి చెప్పుటకు నాకు ఎక్కువ ఇష్టము. ఆ యేడు ప్రపంచప్రసిద్ధుడైన వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ భారతదేశమునకు వచ్చెను. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తియు, తెలుగువారును, సంగీత సాహిత్యరసికులునైన పి. వి. రాజమన్నారుగారి యింట నాయుడుగారి వాదనమును ఆయన వినెను. విని మిక్కిలి మెచ్చుకొనెను. ఒకరు నిలుచుండి వాయించువారు, ఒకరు కూర్చుండి వాయించువారు. ఒకరి సంగీతము కాగితముమీద వ్రాసియుండును, ఒకరి సంగీతము అప్పటికప్పుడు పుట్టును. ఒకరి భాష ఒకరికి రాదు. వారి నడుమ ఉన్నది నాలుగు తీగల కొయ్యబుఱ్ఱ ఒక్కటియే. నూటయేబదియేండ్లకు పూర్వము తెల్లవారి యొద్ద పుచ్చుకొన్న వాద్యము నేమిచేసితిమో ఆ సాయంకాలము మనవారు చూపిరి.

ఆ యేటనే ఢిల్లీలో అంధుల సహాయార్థము నాయుడుగారు కచేరి చేసిరి. ఆ కచేరికి ఒప్పుకొనునపుడు ఆయన మనస్సులో ఏమి మెదలినదో ఎవరును వ్రాసియుంచలేదు. కాని విశాఖపట్టణపు బడిలో నల్లబల్ల కానరాని ఆ బాలుని మనము మరువలేము గదా.

నాయుడుగారు 1964 నవంబరు 25వ తేదీన, డెబ్బదియొకటేండ్ల వయస్సున, పరమపదించిరి. కుమారుడు ద్వారం భావనారాయణరావుగారు, కుమార్తె ద్వారం మంగతాయారుగారు ఇద్దరును తండ్రి విద్యను చేతబట్టి వయొలిన్ విద్వాంసులైరి. విజయనగరపు కళాశాల నేటికిని నడచుచున్నది. విశాఖపట్టణమున ఆయన పేర కళాక్షేత్రము వెలసినది. శతజయంతి సంవత్సరమైన 1993లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో తపాలాబిళ్ళను వెలువరించెను.

ఆయనను ఎదుట కూర్చుండి వినినవారు నేడు బహు కొద్దిమందియే మిగిలియుందురు. నేనును వినలేదు; నాకు ఊహ తెలియునప్పటికి ఆయన లేరు. కాని ఆయన గ్రామఫోను రికార్డులున్నవి. వాటిలో ఒక్కొక్క ప్రక్కకు మూడు నాలుగు నిమిషములకంటె ఎక్కువ పట్టదు. గంటసేపు విస్తరింపగల రాగమును ఆ కొద్దిపాటి చోటిలో ఇమిడింపవలెను. పాత రికార్డు కనుక గరగరలు కొంత వినబడును, వాటిని సహింపుడు. మొదటి దీర్ఘస్వరము రాగానే కన్నులు మూసికొని, కమాను ఎక్కడ వెనుకకు మరలినదో కనిపెట్టుటకు ప్రయత్నింపుడు. ఏండ్లతరబడి నేను ప్రయత్నించుచున్నాను. నాకింతవరకు చిక్కలేదు.